పథ్యం లేని వేరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మే నెల. గిద్దలూరులో రైల్వే స్టేషను వైపున్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. వార్డులో ఫ్యాన్లు ఆ వేడిగాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతున్నాయి. నాకు మామూలుగానే కుదురు తక్కువ. "కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టినావే" అంటుంది మా అమ్మ. ఆ రోజు మాత్రం కారణం ఉండే తిరిగాను. కిటికీ పక్క మంచం మీద గురవయ్య ఉన్నాడు.

గురవయ్యది నల్లమల అంచున ఒక పల్లె. గొర్రెలే బతుకు. పొద్దంతా మంద వెనక నడిచే మనిషి, ఆ ఉదయం దొడ్డిలో కూర్చుని మళ్ళీ లేవలేకపోయాడు. ఊరివాళ్ళు ఆటోలో వేసుకొచ్చారు. భార్య ఓబులమ్మ నా చెయ్యి పట్టుకుని వదలదు. "నిన్న కొండెక్కి దిగినాడమ్మా. ఈ పొద్దు కాళ్ళల్లో జీవం లేదు. ఏందిది?"

బీపీ చూస్తే ఆకాశాన్ని అంటుతోంది. రోజూ వేసుకునే బీపీ మాత్రలు మానలేదట, అయినా అంత ఉంది. రక్తపరీక్షలో పొటాషియం అడుగంటింది. పొటాషియం అంటే రక్తంలో ఉండే ఒక లవణం. అది బాగా తగ్గితే కండరాలు మాట వినవు. గుండె కూడా కండరమే కదా, లయ తప్పి ఆగిపోనూ వచ్చు. ఈసీజీ కాగితం చూసిన డాక్టరుగారు మెల్లగా, "మానిటర్ మీంచి చూపు తిప్పకమ్మా" అన్నారు.

సెలైన్‌లో పొటాషియం కలిపి పెట్టాం. అది గబగబా ఎక్కించకూడదు. తొందరపడితే అదే గుండెను ఆపేస్తుంది. నాలాంటిదానికి అంతకంటే శిక్ష ఏముంటుంది! చుక్క పడేదాకా నిలబడటం, మానిటర్ చూడటం, మళ్ళీ చుక్క దగ్గరికి రావడం.

"చిన్నాయనా, బీపీ మాత్ర కాకుండా ఇంకేమన్నా మందులు వాడుతున్నావా? నాటుమందు, పసరు, లేహ్యం, ఏదైనా సరే."

"లేదమ్మా. మా పిల్లోళ్ళ మీద ఒట్టు. వేరే మందు ముట్టలేదు."

అబద్ధమాడే మొహం కాదు అది. "బీడీ?" అన్నాను. ఆ నీరసంలోనూ ఆయన కళ్ళు మెరిశాయి. "మానేసినా! కావాలంటే మా ఇంటిదాన్ని అడుగు."

"నిజమేనమ్మా," అంది ఓబులమ్మ. "పెండ్లైన కాణ్ణుంచి నేను ఏడ్చి మొత్తుకున్నా మాననోడు, కరోనా దగ్గుకు భయపడి మానినాడు."

మధ్యాహ్నం మళ్ళీ రక్తం తీసి పంపాం. పొటాషియం పెరగలేదు. డాక్టరుగారు రిపోర్టు చేత్తో పట్టుకుని అటూ ఇటూ నడిచారు. "మనం పోస్తూనే ఉన్నాం, అది ఎటో పోతూనే ఉంది. సాయంత్రం దాకా చూసి గుంటూరు పంపేద్దాం." ఈ గుండెతో అంత దూరం అంబులెన్సులోనా? దారిలో ఏమైనా అయితే? మంచినీళ్ళు తాగడానికి వెళ్ళి, తాగకుండానే వార్డులోకి తిరిగొచ్చాను.

వచ్చేసరికి ఓబులమ్మ తన వక్కాకు సంచిలోంచి ఏదో తీసి మొగుడి నోట్లో పెడుతోంది. ఆయన దవడ ఆడుతోంది.

"ఏంది చిన్నమ్మా అది? ఆసుపత్రిలో పొగాకా?" ఒక్క అంగలో వెళ్ళి ఆయన గడ్డం కింద అరచెయ్యి పెట్టాను. "ఉమ్మెయ్!"

పాపం, చిన్నపిల్లాడిలా ఉమ్మేశాడు. తడిసిన పసుపుపచ్చ పీచు. వాసన చూశాను. పొగాకు కాదు. తియ్యగా ఉంది. అతిమధురం.

"తీపి వేరమ్మా. పచారీ అంగట్లో దొరికేదే," అన్నాడు. "కరోనా అప్పుడు కషాయంలో వేసుకుంటిమి. దగ్గు కట్టేసింది. కడుపులో మంట కూడా పోయింది. బీడీ గుర్తొచ్చినప్పుడల్లా ఒక ముక్క దవడన పెట్టుకుంటా."

"బీడీ ఎన్నిసార్లు గుర్తొస్తుంది?"

"గొర్రెలెనక తిరిగేటోనికి ఇంకేం పని? పొద్దస్తమానం గుర్తొస్తానే ఉంటది."

"మరి నేను అడిగితే ఏ మందూ లేదన్నావే!" నా గొంతు వార్డంతా వినిపించింది.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇది మందెట్లయితదమ్మా? చేదు లేదు, పథ్యం లేదు. పథ్యం లేని మందు యాడన్నా ఉంటదా?"

ఆ పీచు చేతిలో పట్టుకునే డాక్టరుగారి గదికి పరుగెత్తాను. ఆయన వినీ వినగానే లేచారు. "దొరికాడమ్మా దొంగ!" దగ్గుకో, కడుపులో మంటకో నాలుగు రోజులు కొంచెం వాడితే అతిమధురం మేలే చేస్తుందట. రోజూ అదేపనిగా నమిలితే మాత్రం ఒంట్లో ఉప్పును ఆపి బీపీ పెంచుతుంది, పొటాషియాన్ని మూత్రంలో తోడేస్తుంది. ఈయన బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు ఒకటుంది, అదీ పొటాషియాన్ని లాగుతుంది. వేరూ మాత్రా చెరోవైపు పట్టి మనిషిని పిండేశాయి. మేం పైనుంచి పోస్తుంటే ఓబులమ్మ ఆ వేరునే నోటికి అందిస్తూ కూర్చుంది.

సంగతి చెప్పగానే ఆమె సంచి నేలకేసి కొట్టింది. "నా చేతులతోనే పెడ్తినే!" అని గోడకు తల ఆనించి ఏడ్చింది. అంతసేపూ ఆమెను కసరడానికి సిద్ధంగా ఉన్నదాన్నే. కానీ ప్రేమతో పెట్టిన మనిషిని ఏమని తిడతాం? పక్కన కూర్చుని వీపు నిమిరాను.

ఆ మాత్ర మార్చారు, వేరు ఆపించారు. సాయంత్రం రిపోర్టులో పొటాషియం కాస్త కదిలింది. గుంటూరు ప్రయాణం ఆగింది. వేరు ప్రభావం ఒంట్లోంచి వెంటనే పోదు కాబట్టి ఇంకొన్నాళ్ళు ఉంచుకున్నాం. గురవయ్య ముందు గోడ పట్టుకుని లేచాడు, తర్వాత గోడ వదిలాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను ఇరుకున పెట్టాడు. "మరి బీడీ గుర్తొస్తే ఏం చేయాల పాపా?"

ఆ వేరే కదా ఆయన చేత బీడీ మాన్పించింది! దాన్ని లాక్కుని చేతిలో ఏం పెట్టను? "నాలుగు సోంపు గింజలు నములు చిన్నాయనా. బీడీ జోలికి మాత్రం పోయినావంటే నేనే మీ ఊరొస్తా," అన్నాను. నవ్వాడు.

అప్పటినుంచి నేను "ఏ మందులు వాడుతున్నారు" అని అడగడం మానేశాను. "పొద్దున లేచిన కాణ్ణుంచి నోట్లో ఏమేం పడతాయో వరసగా చెప్పు" అంటాను. నిద్రకని పాలల్లో పెన్నేరుగడ్డ పొడి, అదే అశ్వగంధ, సత్తువకని ఏవో గడ్డలు, అప్పుడు బయటికొస్తాయి. కొన్నిటితో వాళ్ళకు మేలే జరుగుతోంది. కొన్ని వాడే మాత్రలతో పేచీ పెట్టుకుంటాయి. పెన్నేరుగడ్డే తీసుకోండి, అది థైరాయిడ్ మోతాదును ఇంకా పెంచేయొచ్చు, ఆ మాత్ర మింగేవాళ్ళు అడక్కుండా వాడకూడదని డాక్టరుగారు ఎప్పుడూ చెబుతారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు గురవయ్య తనంతట తానే నడిచొచ్చాడు. నేను అడక్కముందే నోరు తెరిచి చూపించాడు. ఖాళీ. తర్వాత కండువా కొసన ముడి విప్పి ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. "పెన్నేరుగడ్డ పొడి. మా ఇంటిదాని మోకాళ్ళకు ఎవరో చెప్పినారు. ఇంకా విప్పలేదు. నిన్నడిగినాకనే."

"ముందు చిన్నమ్మ రోజూ ఏ మాత్రలు మింగుతుందో చెప్పు."

"అడుగుతావని తెలుసులే." అదే ముడిలోంచి సగం వాడిన మాత్రల అట్ట తీశాడు.

చదివాను. థైరాయిడ్ మాత్రలు. పొట్లం విప్పకుండానే, అట్టతో సహా పట్టుకుని, డాక్టరుగారి గదికి పరుగెత్తాను.