శుక్రవారం వచ్చిన తోడేలు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఉన్నదున్నట్టు చెప్పడం రాదు. ఆ రోజుల్లో భివండిలో, మా పద్మనగర్‌లో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఎంత ఉండేదంటే మామూలుగా అన్న మాట పక్కవాడికి వినపడేది కాదు. నాలుగింతలు చేసి అరిస్తేనే చెవికెక్కేది. గొంతు పెంచడంతో మొదలైన అలవాటు మెల్లగా సంగతులు పెంచడం దాకా వచ్చింది. కాబట్టి ఇందులో ఎక్కడైనా ఏనుగు కనబడితే మేక అనుకోండి. పూర్తిగా కల్పించిందేమైనా ఉంటే చివర్లో నేనే చెప్పేస్తాను.

మాకు మోతీ అని ఒక నల్లకుక్క ఉండేది. ఇంటి వెనక కార్ఖానాలో మా నాన్నకు, అంటే బాపుకు, నాలుగు సాంచాలు. మోతీకి పట్టుపరుపు అంటే నూలు కండెల గంపే. అందులో పడుకుని పడుకుని దాని వెంట్రుకలు నూలుతోపాటు నేతలోకి పోయి, ఒకనాడు సేఠ్ తెల్ల తానొకటి వాపస్ పంపాడు (ఆ తానుకు తోక కూడా మొలిచిందని నేను చాలాకాలం చెప్పుకున్నాను). బాపు మండిపడ్డాడు. "శుక్రవారం సాంచాలు బంద్ ఉంటయి గదా, సఫాయి అయినంక దీన్ని కనేరిల మా దోస్తు కార్ఖానల ఇడిసిపెట్టొస్త. ఎవ్వలేడ్సినా ఇనేది లేదు" అన్నాడు. పదో తరగతి చదువుతున్న నేను అన్నం మానేశాను (రెండు పూటలు. మూడో పూట అమ్మ చేపల పులుసు చేసింది).

బాపు మాట తిప్పగలిగేది ఒక్క వాళ్లమ్మ, మా బాపమ్మే. ఆమె మనసు కరిగిద్దామని శుక్రవారం పొద్దున అట్ట మీద కుక్క బొమ్మ ఉన్న సీడీ ఒకటి అద్దెకు తెచ్చాను. తీరా పెడితే అది ఇంగ్లీషు దయ్యాల సినిమా. ఒక సంసారం, వాళ్లకో కుక్క. పున్నమి రాగానే ఆ ఇంటి పెద్దాయన ఒళ్లంతా వెంట్రుకలు మొలిచి తోడేలవుతాడు. కుక్క అతన్ని ఒక్కసారి చూసి తోక ముడిచి పారిపోయింది, మళ్లీ రాలేదు. నా కొంప మునిగింది. అయితే మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కడికే (అని నేనే చెప్పుకునేవాణ్ణి).

"కుక్క ఏడికి పాయెరా?" అంది బాపమ్మ.

"పోలీసోళ్లను తోల్కరానీకి వోయింది బాపమ్మా."

"గింతసేపా?"

"ఠాణా దూరముంది. మనకు కల్యాణ్ ఎంతనో గంత."

"నోరులేని జీవి, ఎంత పాణం వెట్టింది సూడే కోడలా!" బాపమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా పంట పండిందనుకున్నాను.

సరిగ్గా తెర మీద తోడేలు తలుపు బద్దలుకొడుతుండగా మా తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలువెత్తు తెల్ల జంతువు! తల, కనుబొమ్మలు, మీసాలు, చేతులు, అంతా బొచ్చు. మధ్యలో రెండు ఎర్రటి కళ్లు. (శుక్రవారం సాంచాలు దులిపితే వారమంతా పేరుకున్న దూది దులిపినవాడి మీదికే వస్తుంది. బాపు ఎప్పుడూ నల్లా దగ్గర కడుక్కుని వచ్చేవాడు. ఆ రోజు నల్లా రాలేదు.) అమ్మ కేక ఠాణే పట్నం దాకా పోయింది. బాపమ్మ కన్నకొడుకు మీదికి కుక్కర్ మూత విసిరింది. అది రెండు చాల్‌లు (ఇళ్ల వరసలు) దాటి ఎవరి రేకుల మీదో పడింది. నేను మంచం కిందికి దూరి, అక్కణ్ణుంచే అందరికీ ధైర్యం చెప్పాను.

లేచింది మోతీ ఒక్కటే. తీరిగ్గా ఒళ్లు విరుచుకుని, ఆ జంతువు దగ్గరికి పోయి, పాదాలకంటిన దూదిని నాకడం మొదలుపెట్టింది. తోక తలుపుకు తగిలి టపటపా చప్పుడు. సాంచా నడిచినట్టే ఉంది.

బాపు చేతిలో దాన్ని కట్టి తీసుకుపోవడానికి తెచ్చిన తాడుంది. "పెండ్లాం గుర్తువట్టలే. కన్నతల్లి మూత ఇసిరె. నేనెవలో దీనికొక్కదానికే ఎర్కయింది" అన్నాడు. కంట్లో దూది పడిందని కళ్లు తుడుచుకున్నాడు. తాడు అమ్మకిచ్చి, "బట్టలారేసుకో" అన్నాడు.

కండెల గంపకు మూత వచ్చింది. మోతీకి వేరే గంప వచ్చింది. ఆ తర్వాత నల్లా వచ్చే శుక్రవారాల్లో కూడా బాపు కడుక్కోకుండానే ఇంటికొచ్చేవాడు, గుర్తుపడుతుందా లేదా అని. అది ఒక్కనాడూ పొరపాటు పడలేదు.

ఇప్పుడు నా మీసాలకూ కనుబొమ్మలకూ కడిగినా పోని దూది పట్టింది. ఇంటికి రాగానే పరీక్ష పెట్టుకుందామంటే మోతీ లేదు. ఇక చెబుతానన్న మాట. కుక్కర్ మూత దాటింది ఒక్క చాల్‌నే, కానీ అది పెంచడం, కల్పించడం కాదు. నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు బాపు కంట్లో దూది పడలేదు.