బతికున్నవాడి మీద శోకం

బచ్చన్నపేటలో మా చిన్నమ్మ వాకిట్లో తెల్లగుడ్డ కప్పుకుని పడుకున్న శవం కాలి బొటనవేలు కదిలింది. చుట్టూ కూర్చుని ఏడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె అది చూసి కెవ్వున అరిచింది. ఆ అరుపుతో మా మేనల్లుడి బ్యాండు రెండో ఆల్బంలో చివరి పాట రికార్డింగు ముగిసింది.

మేనల్లుడిది జనగామ. భూపాలపల్లి గని క్వార్టర్లలో పెరిగిన బాస్ గిటారిస్టుతో, కొత్తగూడ డ్రమ్మర్‌తో కలిసి రాక్ బ్యాండు పెట్టాడు. మొదటి ఆల్బం ఇంగ్లిషులో చేశారు. బంధువులంతా మెచ్చుకున్నారు, ఎవరూ చివరిదాకా వినలేదు. రెండోది మన నేల మీదే అన్నారు. గని సైరను, అడవిలో వాన, పత్తి మార్కెట్లో కేకలు రికార్డు చేసుకొచ్చారు. ఇక మిగిలింది శోకం. పోయినవాడిని తలచుకుంటూ చావింట్లో రాగం తీసి ఏడ్చే పాట అది. అందులో మా చిన్నమ్మది పెద్ద పేరు. అందుకే వాళ్లను అక్కడికి తీసుకెళ్లాను.

"పీనుగ లేంది ఏడుపెట్లొస్తది బిడ్డా?" అంది చిన్నమ్మ.

"జర ఊహించుకో అవ్వా," అన్నాడు మేనల్లుడు.

"ఎవర్ని? నిన్నా?"

వాడు వంగి మైకు తీగ సర్దడం మొదలుపెట్టాడు. డ్రమ్మర్ మాత్రం "నేను పండుకుంట అవ్వా," అని చాప పరిచాడు.

"ఏం జేస్తడు వీడు?"

"డ్రమ్స్ కొడ్తడు."

"పెండ్లయిందా?"

"వీనికెవరిస్తరవ్వా?"

"గట్లనా! అయితే ఏడ్వొచ్చు," అని చిన్నమ్మ కొంగు ముఖానికి పెట్టుకుంది.

మేం ఒక్క సంగతి మరిచిపోయాం. మా వైపు శోకం వినిపిస్తే పోయింది ఎవరని ముందుగా అడగరు. చేతిలో పని వదిలి వచ్చి, ఏడ్చేవాళ్ల మెడ పట్టుకుని గొంతు కలుపుతారు. వాకిలి నిండిపోయింది. అన్ని గొంతులు ఒక్కసారి లేచేసరికి మైకు పట్టుకున్న మేనల్లుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది దుఃఖం కాదు, సంతోషం. ఈలోగా ఎవరో డప్పు కూడా పిలిపించారు. దరువు మొదలవగానే శవం బొటనవేలు తాళం వేసింది.

అంతటితో పోలేదు. బయట నిలబడ్డ బాసిస్టును ఒకాయన శవం వైపు చూపి "ఎవరి పిలగాడు?" అని అడిగాడట. రికార్డింగు చెడిపోతుందని వీడు గుసగుసగా డ్రమ్మర్ ఊరూ పేరూ నిజమే చెప్పి ఊరుకున్నాడు. ఫోన్ల మీద ఆ కబురు కొత్తగూడ చేరింది. నేను పనిచేసే పత్రిక మండల విలేకరి నాకే ఫోన్ చేసి మృతుడి వయసు అడిగాడు.

సాయంత్రం డ్రమ్మర్ తల్లి జీపు దిగేసరికి వాడు జొన్నరొట్టె తింటున్నాడు. ఆమె చెప్పు తీసి కొట్టింది, కావలించుకుని ఏడ్చింది, మళ్లీ కొట్టింది. ఆ తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది.

"నా కొడుకు మీది ఏడుపు ఊరూర ఇనిపిస్తరా? నా పానముండంగ గా పాట బయటికి రానియ్య."

"గిది ఆర్ట్ అమ్మా..."

"మీ అవ్వను పండవెట్టి జెయ్యి గా ఆర్టు."

తల్లి ఒప్పుకోనిదే వద్దంటాడు డ్రమ్మర్. ఆ పాట లేనిదే ఆల్బం లేదంటాడు మేనల్లుడు. వీలైనప్పుడల్లా కొత్తగూడ పోయి ఆమెను బతిమాలుతున్నాడు. ఆమె కోడిని కోసి కడుపునిండా పెడుతుంది. పాట మాట ఎత్తగానే లేచి లోపలికి వెళ్లిపోతుంది. ఆల్బం ఇంకా విడుదల కాలేదు.