రెండు గీతల కారు

ఆ కారు గురించి నేను చెప్పినవాటిలో నిజం దాని రంగు ఒక్కటే. అది కూడా కాస్త ముదురు చేసే చెప్పాను.

కువైట్‌లో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌ని ఇంట్లో అందరం బాబా అంటాం, ఆయన భార్యని మామా అంటాం. పెద్దాయన. కుర్రతనంలో ముచ్చటపడి తెప్పించుకున్న అమెరికా కారు ఒకటి ఆయనకుంది. రెండు తలుపులు, పొడుగు ముక్కు, నారింజ రంగు. వారమంతా ముసుగు కింద నిద్రపోతుంది. శుక్రవారం సాయంత్రం బాబాని పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని సముద్రం ఒడ్డున నడపడం నా పని. స్కూటర్ల వాళ్లు కూడా మమ్మల్ని దాటి పోతుంటారు, అంత మెల్లగా.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నాది. ఖైతాన్‌లో మా గోదావరి వాళ్ల గదిలో చేపల పులుసు, దాని వెనకే నా కబుర్లు. కఫీల్ బండి గొప్ప మన గొప్పే అనుకోవడం ఇక్కడి ఇంటి డ్రైవర్లందరికీ ఉన్న జబ్బు. నాకది కాస్త ముదిరింది. ఆ రోజుల్లో ఆ ఒక్క బాడీలోనే ఆరు సిలిండర్ల ఇంజనూ, చిన్న వి-ఎయిట్, పెద్ద వి-ఎయిట్ అన్నీ వచ్చేవి. గేర్లూ అంతే. చేత్తో వేసేవి మూడు, లేదా నాలుగు, అసలు వేయక్కర్లేని ఆటోమేటిక్ ఒకటి. కూర్చుని చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి? బాబా కొన్నది చిన్న వి-ఎయిట్, ఆటోమేటిక్. గదిలో నేను దానికి పెద్ద వి-ఎయిట్ ఎక్కించి, నాలుగు గేర్లు పెట్టాను. సెకండ్ గేర్లో కాలు నొక్కితే ముందు చక్రాలు లేచి సిగ్నల్ లైటుకి దండం పెడతాయన్నాను. వెనక రోడ్డు మీద రైలు పట్టాల్లా రెండు నల్లగీతలన్నాను.

వినేవాళ్లలో కడప మెకానిక్ ఒకడుండేవాడు. ఆ కారు కిందికి దూరే అనుమతి బాబా అతనొక్కడికే ఇచ్చాడు. అంటే నా అబద్ధం ఎన్ని సిలిండర్లదో అతనికి తెలుసు. అయినా బయటపెట్టేవాడు కాదు. చేప ముల్లు తీసుకుంటూ నవ్వేవాడు.

"చెప్పు అన్నా, చెప్పు. నువ్వు చెప్తాంటే నేను నూనె పోసింది యా బండికో అని నాకే అనుమానమొస్తాంది."

అతను పనిచేసే వర్క్‌షాపు మూతపడబోతోంది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామాకి గడువు రెండు నెలలే. బాబా తన తమ్ముడి గ్యారేజీలోకి మార్పిస్తానని మాటిచ్చాడు. ఆ మాట మీదే అతను ఇక్కడ నిలబడి ఉన్నాడు.

ఒకరోజు తలుపు రబ్బరు కోసం బాబా నన్ను అమ్ఘరా పాత సామాను యార్డులకి పంపాడు. కొలత చూసుకోవాలి కాబట్టి ఆ కారులోనే వెళ్లమన్నాడు. అబూ హలీఫాలో ఉండే మా తోడల్లుడు వెంట తగిలాడు. ఎక్కగానే కాళ్ల దగ్గరికి వంగి చూశాడు.

"అన్నయ్యా, క్లచ్చేదీ? నాలుగు గేర్లన్నావ్, జేబులో ఏసుకొచ్చావా? సర్లే, ఆ నల్లగీతలన్నా గియ్యెహె, చూద్దాం!"

యార్డుల వెనక ఖాళీ రోడ్డు. ఎడమకాలితో బ్రేకు తొక్కిపట్టి కుడికాలితో యాక్సిలేటర్ నొక్కాను. పొగ లేచింది, కానీ ఒక చక్రం నుంచే. వెనక రెండు చక్రాలనీ కలిపి తిప్పే గేరు ఆ కార్లలో విడిగా అడిగితేనే పెట్టేవారు. బాబా అడగలేదు. తోడల్లుడు దిగి చూసి పడీపడీ నవ్వాడు.

"ఒకటే గీత! రెండోదానికి ఇఖామా రాలేదా అన్నయ్యా?"

నాకు ఒళ్లు మండింది. మళ్లీ నొక్కాను. ఈసారి ఆ చక్రం ఇసుకలోకి దిగి, గిర్రున తిరిగి, ఒక్కసారిగా తారు అంచుని పట్టుకుంది. కింద కొబ్బరికాయ బద్దలైనట్టు చప్పుడు. ఇంజను అరుస్తోంది, బండి కదలదు.

లాగే బండి వచ్చేలోపు అరిగిన టైరు విప్పి డిక్కీలో కార్పెట్ కింద దాచి, దాని చోట స్టెప్నీ బిగించాను. నిజమైన పనికి ఎప్పుడూ అంత చెమటోడ్చలేదు.

"పోయినవారం మెకానిక్ వెనక నూనె మార్చాడు కదా బాబా, అప్పట్నుంచే ఏదో చప్పుడు," అన్నాను ఇల్లు చేరాక.

బాబా మెకానిక్‌ని పిలిపించాడు. అతను వెనక చక్రాల నడుమనున్న డిఫరెన్షియల్ విప్పాడు. నూనె నిండుగా ఉంది, అందులో విరిగిన గేరు పళ్లు మెరుస్తున్నాయి. రోడ్డెక్కని ఆ స్టెప్నీని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"నూనె సరింగానే ఉండాది అన్నా. ఒగ చక్రం పిచ్చిగా తిరిగి టక్కున పట్టుకుంటేనే ఇట్ల ఇరుగుతాది. బాబాకి చెప్పు."

అతనికి వచ్చిన అరబ్బీ సామాన్ల పేర్ల వరకే. వాళ్లిద్దరి మధ్యా మాట చేరవేసేది ఎప్పుడూ నేనే.

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబా.

"తప్పు తనదేనట. క్షమించమంటున్నాడు."

ఆ రెండు మాటలకీ అరబ్బీ ఏమిటో అతనికి తెలుసు. ఇక్కడ దిగిన ప్రతివాడూ ముందు నేర్చుకునేవి అవే. తల దించుకున్నాడు.

"ఖలాస్," అన్నాడు బాబా. "నా కారు ముట్టుకోవద్దు. నా తమ్ముడి దగ్గరికీ వెళ్లొద్దు."

గేటు దగ్గర మెకానిక్ ఆగాడు. తిడతాడనుకున్నాను.

"నా ఇఖామాకి ఇంగా రెండు నెల్లుండాది అన్నా. నువ్వు మాట మార్చుకునేదానికి అంత టైముండాది."

అందులో ఆరువారాలు నేను నోరు మెదపలేదు. ఏడో శుక్రవారం గదికి వెళితే అతను తన కుక్కరూ, పానాలూ తలా ఒకటి పంచుతున్నాడు. కారు కింద వాడే టార్చిలైటు నా చేతిలో పెట్టాడు.

"బాబా బండికి పనికొస్తాది, పెట్టుకో."

ఆ సాయంత్రమే ఇంట్లో మగవాళ్లు చేరే దివానియాలో, స్నేహితుల మధ్య కూర్చున్న బాబా ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. బాబా తొడ చరిచి నవ్వాడు.

"వల్లా! మీవాణ్ని కాపాడటానికి ఎంత బాగా అల్లావయ్యా!"

ఇన్నేళ్లూ నా కథలకి ముందు నవ్వింది ఆయనే. ఇంక చేసేది లేక డిక్కీలోని టైరు దొర్లించుకొచ్చి తివాచీ అంచున పడేశాను. అరిగి దారాలు తేలినచోట బాబా బొటనవేలితో తడిమాడు. నవ్వు ఆగిపోయింది.

"రెండు చక్రాలూ కలిపి తిప్పే గేరు నేనే వద్దన్నాను," అన్నాడు. "ఇది మామాని పక్కన కూర్చోబెట్టుకుని తిరగడానికి కొన్న కారు. నువ్వు దాన్ని ఏం చేశావో చూడు. మెకానిక్‌కి ఫోన్ చెయ్. నేను చెప్పింది చెప్పు. ఏమీ కలపకు."

టీ గ్లాసులు పట్టుకుని అందరూ చూస్తుండగా చెప్పాను. "మా డ్రైవర్ అబద్ధం చెప్పాడు. నీ పనిలో తప్పు లేదు. ఆదివారం పాస్‌పోర్టు తీసుకుని నా తమ్ముడి గ్యారేజీకి రా."

అవతల మెకానిక్ అడిగాడు.

"అన్నా, ఇది గూడా కతేనా?"

 ఫోను బాబాకి ఇచ్చేశాను. ఆయన అరబ్బీలో ఒక్కో మాటా విడదీసి, మెల్లగా మళ్లీ చెప్పాడు. నా తెలుగుని నమ్మనివాడు, ఆ అర్థమయ్యీ కాని అరబ్బీని నమ్మాడు. "జైన్ బాబా, జైన్," అని సరేనన్న గొంతు నాకు బయటికే వినిపించింది.