గొంతుకు పడిన మార్కులు

మగ్గాలున్న ఇళ్లలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. ధర్మవరంలో మా ఇంటి ముందుగదిలో మూడు మగ్గాలు ఆడుతుండేవి. అన్నానికి పిలవాలన్నా, పలక పగిలిందని చెప్పాలన్నా ఆ టకటకల మీదుగా వినపడేటట్టు కేక పెట్టాల్సిందే. అది కేక అని కూడా మాకు తెలియదు. మాటంటే అంతే అనుకునేవాళ్లం. బయటి ఊరి చుట్టాలు వస్తే, లోపల కొట్లాట జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు.

ఆ గొంతే నాకు అన్నం పెట్టింది. పెనుకొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పదిహేనేళ్లకు పైగా తెలుగు చెప్పాను. పైన రేకులు, పక్కనే బస్సులు తిరిగే రోడ్డు. రేకుల మీద వాన పడుతున్నా నా పద్యం చివరి బెంచీకి చేరేది. మైకు మింగిన టీచరని పిల్లలు చాటుగా అనుకునేవాళ్లు. విననట్టు నటించేదాన్ని గానీ లోలోపల పొంగిపోయేదాన్ని. ఒక్క పిల్లవాడి మీదా చెయ్యెత్తి ఎరుగను. మొరిగే కుక్క కరవదని మా హెడ్మాస్టరు నన్ను ఆటపట్టించేవాడు.

పిల్లలు ఒక్కొక్కరే బస్సులున్న పెద్ద బడులకు వెళ్లిపోయారు. మా బడి మూతపడింది. సర్కారు ఉద్యోగానికి నా వయసు ఎప్పుడో దాటిపోయింది. మా ఆయన నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. ఇల్లు నడవాలంటే నా జీతం ఒక్కటే దారి. అందుకే హిందూపురంలో ఒక పెద్ద స్కూల్లో తెలుగు టీచరు కావాలన్నారని తెలియగానే రైలెక్కాను. అలవాటుగా పెనుకొండలో దిగబోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

ముందు ఒక పాఠం చెప్పించారు. ప్రిన్సిపాల్ మేడం వెనక బెంచీలో కూర్చుని విన్నది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. ఆమె బయటికి వచ్చి, మీలాంటివాళ్ల కోసమే చూస్తున్నామని, ఇక ఆ పర్సనాలిటీ టెస్టు ఒక్కటి రాసేస్తే చాలని అన్నది. నేను మనసులో అప్పుడే రైలు పాసు తీసేసుకున్నాను.

కంప్యూటరు గదిలో కూర్చోబెట్టారు. గుంపులో ఉంటే మీకు హుషారుగా ఉంటుందా, అలసటగా ఉంటుందా? మీ వస్తువు ఎవరైనా చెప్పకుండా తీసుకుంటే ఎంతసేపు గుర్తుంచుకుంటారు? ఇలాంటివి వరసగా వచ్చాయి. వీటికి సరైన జవాబంటూ లేదని పక్కన నిలబడిన అమ్మాయి చెప్పింది. జవాబు లేని ప్రశ్నకు మార్కులెలా వేస్తారని అడగబోయి ఊరుకున్నాను. అవసరం నాది.

చివరి ప్రశ్నలకు జవాబు నోటితో చెప్పాలట. చెవులు మూసే హెడ్‌ఫోన్లు తగిలించారు. వాటిలో ఏదో ఫ్యాను రొదలాంటిది తప్ప నా మాట నాకే వినపడలేదు. మాట వినపడకపోతే మా ఇంట్లో ఏం చేస్తారో నేనూ అదే చేశాను. చెప్పిన మాట వినని పిల్లవాణ్ణి ఏం చేస్తారని తెర మీద ప్రశ్న వచ్చింది. దగ్గర కూర్చోబెట్టుకుంటాను, పొద్దున ఏమైనా తిన్నాడో లేదో కనుక్కుంటాను అని మగ్గాలను దాటే గొంతుతో చెప్పాను. ఆ అమ్మాయి వచ్చి భుజం తట్టి మెల్లగా అన్నట్టు చెయ్యి ఊపింది. అప్పటికే అయిపోయింది.

మీరు ఎంపిక కాలేదని వారానికి ఫోనులో మెసేజీ వచ్చింది. ఉండబట్టలేక మళ్లీ హిందూపురం పోయాను. ప్రిన్సిపాల్ మేడం మొహమాటపడుతూనే తన కంప్యూటరు నా వైపు తిప్పింది. ఆవేశం అన్న మాట పక్కన ఎర్రటి గీత చివరికంటా పోయింది. దాని కింద, పిల్లలను బెదిరించే స్వభావం ఉండవచ్చు అని రాసుంది.

"నేనేం చెప్పినానో అదన్నా ఒకసారి వినండి మేడం," అన్నాను.

"మార్కులేసేది కంప్యూటరే, అది మాటలు చూడదంట మేడం, గొంతు చూస్తాదంట," అన్నది ఆమె. "మిమ్మల్ని క్లాసులో నేను కండ్లారా చూసినా. అయినా ఈడ నా మాటెవురు వింటారు?"

ఆమె మీద కోపం రాలేదు. ఆమె కూడా అదే టెస్టు దాటి వచ్చి, మళ్లీ ఎప్పుడు రాయమంటారోనని బతుకుతున్న మనిషే.

తిరుగు రైల్లో ఒక పాడు ఆలోచన పట్టుకుంది. నేను గదిలోకి అడుగు పెడితే పిల్లలు చప్పున సర్దుకునేవాళ్లు. గౌరవమనుకున్నాను ఇన్నాళ్లూ. భయమేమో? ఎవరిని అడగాలి? ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో! ఇన్నేళ్లు నాతో నేను కాపురం చేసి, నేనేమిటో ఆ ఎర్ర గీత చెబితే నమ్మడం మొదలుపెట్టాను. ఉద్యోగం పోయినదానికన్నా అదే ఎక్కువ బాధ.

ధర్మవరంలో ఇంకో బడికి పిలిచారు. అక్కడా అదే టెస్టు. ఈసారి ఇంట్లో తలుపులు వేసుకుని గొంతు తగ్గించడం సాధన చేశాను. పక్క మంచంలో రోగి నిద్రపోతున్నట్టు మాట్లాడాను. మా ఆయన బెదిరిపోయి ఒంట్లో బాగలేదా అని అడిగాడు. పరీక్షలోనూ అలాగే చెప్పి వచ్చాను. ఉత్సాహం తక్కువ, తరగతిని అదుపులో ఉంచే శక్తి లేదు అని తేల్చారు. నడిరోడ్డులో నవ్వొచ్చింది. ఇంటికి చేరకముందే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మా నాయన దగ్గరకు వెళ్లాను. మూడు మగ్గాల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. పట్టుచీరకు పెద్ద అంచు నేసేటప్పుడు పక్కన రెండో మనిషి కూర్చుని అంచు దారాన్ని అటూ ఇటూ దాటించే నాడె వేయాలి. దానికి ఎప్పుడూ కూలి మనిషినే పిలిచేవాడు గానీ నన్ను కూర్చోనిచ్చేవాడు కాదు. చదువుకునే బిడ్డ మగ్గం గుంటలో కాలు పెట్టకూడదని ఆయన పంతం. జరిగిందంతా చెప్పాను. ఆయన నేత ఆపి చాలాసేపు దారాలు సవరించాడు.

"రేప్పొద్దున వచ్చి ఈడ కూచోమ్మా," అన్నాడు. "నాడె వేసేది నేర్పిస్తా. ఈడ నువ్వెంత గట్టిగ మాట్లాడినా ఎవురూ ఏమనుకోరు."

ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం ఇక ఏ బడీ లేదని అప్పుడే ఖాయమైపోయింది. పంతం వదులుకున్నవాడి ముఖం నేను చూడలేకపోయాను.

పొద్దున్నే వెళ్లి గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా నాడె వేశాను. మగ్గం చప్పుడు మీదుగా నాయన ఏమడిగినా గొంతెత్తకుండా తల ఊపుతూ ఉండిపోయాను.