తిప్పితే అరిగిపోతుంది

ఫోటో అడ్డంగా వస్తే అందరూ ఫోటోను తిప్పుతారు. మా ఫోలీ అన్న మాత్రం ఫోటోను వదిలేసి మిగతా లోకాన్ని తిప్పుతాడు. మనిషికి ఉన్నది ఇదొక్కటే పిచ్చి. మిగతా విషయాల్లో అంత బుద్ధిమంతుడు హో పట్టణం మొత్తం వెతికినా దొరకడు. తాగడు, అరవడు, ఆదివారం ప్రార్థనకి అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటాడు. కానీ అడ్డంగా పడిన ఫోటో ఒకటి పట్టుకొచ్చి, "దీన్ని కాస్త నిలువుగా తిప్పి పెట్టు" అన్నారో, ఇక మీ పని అయిపోయినట్టే.

నా పేరు అకువీ. బట్టలు కుడతాను. నా కొట్టుకీ అతని కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. పదకొండేళ్ళుగా ఆ గోడకి ఇవతల కూర్చుని నేను వినని మాట లేదు, అవతలికి తొంగి చూడని రోజూ లేదు. కాబట్టి ఇందులో ఏదైనా పెంచి చెప్పినట్టు అనిపిస్తే, అది కొంచెమే పెంచానని నమ్మండి.

అతని కొట్టు పేరు 'దేవుడే చూసుకుంటాడు ఫోటో స్టూడియో'. దేవుడి సంగతేమో గానీ, మనం చూసుకోవాలంటే మాత్రం మెడ వంచాల్సిందే. కంప్యూటర్ తెరని అతను ఒక పాత లారీ చక్రానికి బిగించాడు. ఫోటో అడ్డంగా ఉంటే చక్రం తిప్పుతాడు, తెర నిలువుగా నిలబడుతుంది. ఆ చక్రం తుప్పుపట్టి నెలలో ఇరవై రోజులు తిరగదు. అలాంటి రోజుల కోసం గోడవారగా ఒక బెంచీ వేసి, అటొక దిండు, ఇటొక దిండు పెట్టాడు. ఫోటో ఎటు వాలితే మీరు అటు తల పెట్టుకుని పడుకుని చూడాలి.

ఒకసారి పాస్టరు అమెగాషీ గారు తన పాస్టరు అభిషేకం ఫోటోలు చూసుకోవడానికి వచ్చారు. తెల్ల అంగీతో సహా ఆ బెంచీ మీద పడుకోబెట్టాడు మహానుభావుడు. ఆయన పాపం గుండెల మీద చేతులు పెట్టుకుని, కదలకుండా, ఒక్కో ఫోటోనే శ్రద్ధగా చూస్తున్నారు. వీధిలో టమాటాలు అమ్ముకుంటూ పోతున్న ఆవిడ లోపలికి చూసింది. గంప కింద పడేసి, "పాస్టరు గారు వెళ్ళిపోయారర్రోయ్!" అని శోకం మొదలుపెట్టింది. పాస్టరు గారు లేచి "లేదమ్మా, ఇక్కడే ఉన్నాను" అనేసరికి ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. ఆ పూట టమాటాలన్నీ ఫోలీ అన్నే కొనుక్కోవాల్సి వచ్చింది.

"ఎందుకన్నా ఈ గోల? ఫోన్లో ఒక్కసారి నొక్కితే తిరుగుతుందిగా" అని నేనే అడిగాను ఒకరోజు.

"నువ్వు కుట్టిన గౌను ఒకటి విప్పి మళ్ళీ కుట్టమంటే కుడతావా?"

"కుడతాను."

"పదిసార్లు విప్పి, పదిసార్లు కుడితే?"

"గుడ్డ పీచుపీచవుతుంది."

"ఫోటో సంగతీ అంతే. తిప్పి సేవ్ చేశావంటే ఫోన్ దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కుడుతుంది. ప్రతిసారీ కాస్త పీచు రాలుతుంది. మొదట కనబడదు. తర్వాత కంటి రెప్పలు పోతాయి, ఆ తర్వాత ముక్కు చెంపల్లో కలిసిపోతుంది."

"అయితే విప్పకుండా తిప్పే దారే లేదా?"

అతని మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడనుకుంటాను. "ఉంది! ఫోటో కూడా మన కెంటే నేత బట్టలాంటిదే, చిన్న చిన్న గళ్ళు. ఏ గడినీ విప్పకుండా, గడిని గడిలాగే ఎత్తి, తిప్పి, కొత్త చోట పెట్టే ప్రోగ్రాం ఒకటి ఉంది నా దగ్గర. పోగు కూడా కదలదు."

"మరి అందరికీ దాంతోనే తిప్పి చూపించొచ్చుగా?"

"అది ప్రింటుకి వెళ్ళే ముందు, ఒక్కసారి. ఊరికే చూడ్డానికి దేవుడు మెడ ఇచ్చాడుగా అకువీ!"

అందుకే కొట్లోకి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న డాక్టరు అడిగినట్టు అడుగుతాడు.

"తిప్పారా?"

"ఒక్కసారే సార్."

"సేవ్ చేశారా?"

"చేశాను."

"అయ్యో తల్లీ" అని కుర్చీలో కూలబడతాడు. వచ్చినావిడే అతనికి మంచినీళ్ళు ఇచ్చి ఓదార్చాలి. ఇంట్లోనూ ఇదే వరస అంటుంది వాళ్ళావిడ ఎన్యోనామ్. "పెనం మీద చేపని రెండోసారి తిప్పనివ్వడు వదినా. పదిహేనేళ్ళుగా ఒకవైపు మాడిన చేపే తింటున్నాం" అని చెప్పుకుని నవ్వుతుంది.

ఇలాంటి మనిషి దగ్గరికి కిందటి ఆగస్టులో ఒక సోమవారం పొద్దున హెడ్మాస్టరు డోట్సె గారు వచ్చారు. వాళ్ళమ్మ అబ్లావి గారు అంతకు మూడు వారాల కిందట ఎనభై ఒకటో ఏట పోయారు. వచ్చే శనివారమే సాగనంపడం. పోస్టర్లు వెయ్యాలి, కూడలిలో ఆరడుగుల బ్యానరు కట్టాలి. ఆయన చేతిలో ఒక కాగితం, ఫోన్లో ఒక ఫోటో.

ఆ ఫోటో నేనూ గోడ మీంచి చూశాను. అబ్లావమ్మ నవ్వుతోంది! ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, కోర్టులో సాక్షి చెప్పడానికొచ్చినట్టు బిగుసుకుపోయే మనిషి ఆవిడ. అలాంటిది తలగుడ్డ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, నోరంతా తెరిచి పకపకా నవ్వుతోంది. కాకపోతే ఆ నవ్వు మసకమసకగా, తడి చేత్తో తుడిచేసినట్టుగా ఉంది.

ఫోలీ అన్న ముందు కాగితం చదివాడు. అందులో బిడ్డల పేర్లు ఆరు ఉన్నాయి.

"ఏడుగురు కదా మాస్టారూ మీరు?"

"రాసింది ఎన్నయితే అన్నే" అన్నారు డోట్సె గారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఏడో పేరు సెనమ్. వరసలో నాలుగోది. మా ఊరికి రెండు గంటల దూరంలో, క్పాండోలో రొట్టెలు కాల్చి అమ్ముకుంటుంది. నాలుగేళ్ళ కిందట ఆ అమ్మాయిని అడగడానికొచ్చిన పెళ్ళికొడుకు తరఫువాళ్ళు, ఆనవాయితీగా ఇవ్వాల్సిన మద్యం సీసాలు పట్టుకుని నేరుగా మేనమామ ఇంటికి వెళ్ళారు. పెద్దన్న డోట్సె గారి గడప తొక్కలేదు. మాలో అది చిన్న తప్పు కాదు. పైగా డోట్సె గారు హెడ్మాస్టరు, పిల్లల చిన్న తప్పులు కూడా మర్చిపోవడం అలవాటు లేని మనిషి. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. కానీ పోస్టరు మీద పేరు తీసెయ్యడమంటే వేరు. గోడల మీది పోస్టర్లన్నీ ఆగి చదివే ఊరు మాది. పేరు లేకపోతే ఆ పిల్ల కన్నతల్లి పెట్టె దగ్గర ఏ మొహం పెట్టుకుని నిలబడుతుంది? సూది నా వేలిలో గుచ్చుకుంది.

ఫోలీ అన్న ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, మామూలుగానే అడిగాడు. "తిప్పారా?"

"నేను తిప్పలేదు. నాకు రావడమే నిలువుగా వచ్చింది."

"అయితే ఎవరో తిప్పారు. మాస్టారూ, దీన్ని ఆరడుగులకి పెంచానంటే అమ్మ మొహం మనం తినే బాంకు పిండిముద్దలా ఉంటుంది. చూసినవాళ్ళు మీ నాన్నగారు మళ్ళీ పోయారనుకుంటారు. ఎవరు పంపారో కనుక్కోండి."

డోట్సె గారు విసుక్కుంటూనే తమ్ముడికి ఫోన్ కలిపారు. మేం వినేట్టు స్పీకరు పెట్టారు.

"చెల్లి పంపింది అన్నయ్యా. తలకిందులుగా ఉంటే నేనే సరిచేశాను."

ఫోలీ అన్న ఒక వేలు మడిచాడు. తర్వాత కుమాసీలో ఉన్న చెల్లెలికి.

"నాకు వచ్చినప్పుడు అడ్డంగా ఉంది. నేనే పక్కకి తిప్పాను."

"తిప్పితే తలకిందులెలా అయింది?"

"మంచం మీద పడుకుని చూశాను అన్నయ్యా."

ఇంకో వేలు. ఆ అమ్మాయికి పంపింది అయిదోవాడు. వాడు గర్వంగా చెప్పాడు. "ఒకసారి తిప్పితే సరిపోలేదు. ఇంకోసారి తిప్పాను. మళ్ళీ తిప్పాను. నాలుగోసారికి మొదట ఎలా ఉందో అలాగే వచ్చేసింది!"

"ఫోటో మొదటికొచ్చింది నాయనా, మీ అమ్మే రాలేదు" అని గొణిగాడు ఫోలీ అన్న. చేతి వేళ్ళు ఒక చెయ్యి దాటిపోయాయి.

వాడికి పంపిన ఆఖరివాడు సెడెమ్ ఫోన్ ఎత్తి, అన్నగారి ప్రశ్న విన్నాడు. "సెనమక్క పంపింది" అన్నాడు గొంతు తగ్గించి. "వాళ్ళింటి పెరట్లో తనే తీసింది. రొట్టె ఉబ్బలేదని అక్క ఏడుస్తుంటే అమ్మకి నవ్వాగలేదట."

అమ్మ అంతలా నవ్వింది ఎక్కడో డోట్సె గారికి అప్పటిదాకా తెలియదు.

"దీంతోనే వేసెయ్" అన్నారు లేచి.

"వెయ్యను."

"సరే, సెడెమ్‌ని అడిగి తెప్పించమంటాను."

"అలా పంపితే దారిలో నలిగిపోతుంది. ఆ ఫోన్ ఇక్కడికి రావాలి. నా వైరు పెట్టి నేనే తీసుకోవాలి."

"ఎవరినైనా పంపిస్తాను పోనీ."

"ఊరూపేరూ లేనివాడొచ్చి ఫోన్ ఇమ్మంటే ఎవరిస్తారు మాస్టారూ? మీరే వెళ్ళాలి."

"ఫోలీ, నీకు పిచ్చి!"

"అది ఊరందరికీ తెలుసు" అన్నాడు ఫోలీ అన్న శాంతంగా.

ఆయన విసవిసా వెళ్ళిపోయారు. ఊళ్ళో ఇంకో రెండు స్టూడియోలు ఉన్నాయి. వాళ్ళు ఆ మసక ఫోటోనే పెద్దది చేసి చూపించారట. పెద్ద చేసినకొద్దీ అమ్మ కనబడకుండా పోతుంటే ఆయన చూడలేకపోయారట. మంగళవారం పొద్దున్నే ట్రోట్రో వ్యానులో, రెండు కోళ్ళ బుట్టల మధ్య బిగుసుకుని కూర్చున్న హెడ్మాస్టరు గారిని మా వీధివీధంతా చూసింది.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. దాంతోపాటు సెనమ్ కూడా వచ్చింది. "నా రొట్టెల గిరాకీలన్నీ ఇందులో ఉన్నాయి, ఫోన్ ఇచ్చి ఉత్త చేతులతో ఎలా కూర్చోను?" అందట. బెంచీకి ఆ చివర అన్న, ఈ చివర చెల్లెలు. మధ్యలో ఇంకో నలుగురు పట్టేంత ఖాళీ.

"తిప్పావా అమ్మా?" అన్నాడు ఫోలీ అన్న.

"లేదండీ. చూడాలనిపిస్తే ఫోనే పక్కకి తిప్పి పట్టుకుంటాను."

ఫోలీ అన్న కళ్ళు చెమర్చాయి. వైరు పెట్టాడు, ఫోటో తెచ్చాడు, తెర మీద వేశాడు. అడ్డంగానే. లారీ చక్రం ఆ రోజూ తిరగలేదు.

"దగ్గరికి జరగండి. దూరంనుంచి కనబడదు" అన్నాడు.

జరిగారు. ఇద్దరూ మెడలు ఒకే వైపుకి వంచారు. అంతే, సెనమ్ తల వెళ్ళి సరిగ్గా అన్న భుజం మీద పడింది. ఎత్తేస్తే అమ్మ అడ్డంగా అయిపోతుంది, అలాగే ఉంచితే అన్న భుజం. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. తెర మీద అబ్లావమ్మ ఒక్కో పన్నూ, ఒక్కో ముడతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా నవ్వుతోంది.

"నిజంగానే ఉబ్బలేదా రొట్టె?" అన్నారు డోట్సె గారు చాలాసేపటికి.

"రాయిలా వచ్చింది అన్నయ్యా. అమ్మ దాన్ని తలుపుకి అడ్డం పెట్టింది."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో గోడ ఇవతలినుంచి నాకు తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను. కాసేపటికి ఆయన చెయ్యి చాచి ఆ పేర్ల కాగితం అడిగి తీసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి చివర్లో ఒక పేరు రాశారు.

సెనమ్ ముక్కు తుడుచుకుంటూ తొంగి చూసింది. "ఆఖర్న రాశావేం? నేను నాలుగోదాన్ని."

"ఇరికించడానికి చోటు లేదే."

"అయితే మొత్తం మళ్ళీ రాయి."

హెడ్మాస్టరు గారు తల వంచుకుని, ఏడు పేర్లూ మొదటినుంచి మళ్ళీ రాశారు.

శనివారం కూడలిలో బ్యానరు కట్టారు. దాని కింద నుంచి వెళ్ళినవాళ్ళు, ముందు జాలి మొహం పెట్టుకుని వచ్చినా, పైకి చూసి నవ్వకుండా దాటలేకపోయారు. సెనమ్ తోబుట్టువుల వరసలోనే, తన చోట్లోనే నిలబడింది.

మర్నాడు క్పాండో వెళ్ళిపోయే ముందు, అమ్మని సాగనంపేటప్పుడు వేసుకున్న ఎరుపు నలుపు గౌనుకి భుజం దగ్గర కుట్టు ఊడిందని నా దగ్గరికి వచ్చింది. కుడుతూ, మంచి ఫోటో తీశావమ్మా, దాచి ఉంచావు కాబట్టి సరిపోయింది అన్నాను.

"దాచింది నేనొక్కదాన్నే కాదక్కా. ఈస్టరుకి వచ్చినప్పుడు ఫ్రేము కట్టించుకుందామని ఫోలీ గారికి ఇచ్చాను. అప్పుడే వైరు పెట్టి తన కంప్యూటర్లోకి తీసుకున్నారు."

నా సూది ఆగిపోయింది. "మరి మీ అన్న వచ్చినప్పుడు ఆ మాట చెప్పలేదేం?"

"నాలుగేళ్ళ తర్వాత అన్నయ్య చెమటలు కక్కుతూ వచ్చి నా తలుపు కొట్టాడక్కా. ఫోటో నీ ఊళ్ళోనే ఉంది, వెనక్కి పొమ్మని చెప్పమంటావా?"

అమ్మాయి వెళ్ళగానే నేను గోడ దాటాను. ఫోలీ అన్న నూనె డబ్బా పట్టుకుని లారీ చక్రంతో కుస్తీ పడుతున్నాడు.

"ఈస్టరునుంచీ నీ దగ్గరే పెట్టుకుని, ఆ పెద్దమనిషిని కోళ్ళ మధ్య క్పాండో పంపిస్తావా? లేదని అబద్ధమాడతావా?"

"లేదని ఎప్పుడన్నాను? ఆ ఫోన్ రావాలన్నాను, అంతే. నా దగ్గర ఉన్నది నకలు అకువీ. అసలుది ఆ పిల్ల ఫోన్లో ఉంది."

"ఓహో. నకలుకీ అసలుకీ అంత తేడా ఉంటుందన్నమాట. అంటే నువ్వు వైరు పెట్టి తీసినా అరిగిపోతుందన్నమాట!"

"అరగడమా?" ఫోలీ అన్న నూనె డబ్బా కింద పెట్టి నిటారుగా లేచి నిలబడ్డాడు. "నేను వైరు పెట్టి తీసిన నకలులోనా? ఎవరినైనా పిలిచి చూపించు! ఒక్క చుక్క తేడా ఉంటే ఈ కొట్టు మూసేస్తాను!"

అనేసి, నా మొహం చూసి, నాలుక కరుచుకున్నాడు.