లాగుడు కడ్డీ

ససెక్స్ వాన విమానాల షెడ్డు రేకుల మీద పడుతుంటే, నైజెల్ ప్రతి శనివారంలాగే తన విమానం రెక్కలు తుడుస్తున్నాడు. దాని ఇంజను విప్పి ఏళ్లయింది; రెక్కలు మాత్రం అద్దంలా ఉంటాయి. పక్క విమానం హిల్డాది. ముందు చక్రానికి ఇనప కడ్డీ తగిలించి, ఆమె విమానాన్ని బయటికి లాగింది. ఏటా సెలవులకి ఎల్బా దీవికి ఎగిరిపోతుంది.

"ఈసారైనా రాకూడదూ? సముద్రం వెచ్చగా ఉంటుంది."

"నాకు ఎండ పడదులే," అన్నాడు గుడ్డ పిండుతూ.

హిల్డా ఎక్కి కూర్చుంది. కడ్డీ ఇంకా చక్రానికే ఉంది. నైజెల్ చూశాడు. చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతులూపుతూ పరిగెత్తి, దాన్ని ఊడబీకాడు.

"అయ్యో, తిరగ్గానే దానికి తగిలి ప్రొపెల్లర్ ముక్కలయ్యేది! దేవుడివి, నైజెల్!"

"పర్లేదు, వెళ్లిరా."

విమానం మబ్బుల్లో కలిసింది. కడ్డీ ఆవిడ అడగలేదు, అతనూ ఇవ్వలేదు. ఎల్బా ఎండలో విమానాన్ని ఒట్టి చేతుల్తో ఎలా నెడుతుందో ఊహించుకుంటూ, నైజెల్ ఆ కడ్డీని కూడా తళతళా తుడిచాడు.