చెక్క స్కేలు పట్టిన డాక్టరమ్మ

మా ఆడబిడ్డ పోయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చి నాలుగు నెలలు తిరక్కముందే, ఒక ఉదయం ఆసుపత్రికి బయలుదేరుతూ చెప్పుల దగ్గరే కుప్పకూలిందట. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఫోన్ నేనే ఎత్తాను. ఆమె నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. వరస తప్పి ముందు నడవడం ఆమెకు మొదటి నుంచీ అలవాటే. నా పెళ్లిలో కూడా నాకంటే ముందే భోజనానికి కూర్చుంది.

ఆడబిడ్డను మెచ్చుకుంటూ రాసే వదినను మీరు ఎక్కువగా చూసి ఉండరు. నేను సూర్యాపేటలో ముప్పై ఏళ్లు లెక్కలు, సైన్సు చెప్పినదాన్ని. ఊరికే మార్కులు వేసే అలవాటు నాకు లేదు.

ఆమె డాక్టరు. కోదాడలో కొన్నాళ్లు పనిచేసి, మిర్యాలగూడలో సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకుంది. అందులో ఒక స్కానింగు మిషను. మా వైపు స్కానింగంటే గర్భిణులకే. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పబడదని గోడ మీద బోర్డు కూడా ఉండేది. ఆ బోర్డు కిందనే ఈమె మీసాలున్న మగవాళ్లను పడుకోబెట్టేది. తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక గొర్లకాపరి పెద్దాయన, "నాకేమన్న కడుపొచ్చిందా డాక్టరమ్మా?" అని అడిగాడట. "వస్తే మాత్రం ఆడో మగో నేను చెప్పరాదు. పండుకో" అందట.

ఆమె చూసేది మెడలోని పెద్ద నరాన్ని, మా సైన్సు పుస్తకాల మాటలో సిరను. గుండెకు తిరిగొచ్చే రక్తం ఎంత ఒత్తిడితో ఉందో ఆ నరం చెబుతుంది. పెద్దాసుపత్రుల్లో మెడలోంచి గుండె దాకా సన్నని గొట్టం దింపి కొలుస్తారు. ఈమె సూది కూడా గుచ్చేది కాదు. మంచం తలవైపు ఎత్తి, మిషను మెడకు ఆనించి, నరం ఎక్కడి దాకా నిండి ఉందో, ఎక్కడ చప్పబడిందో తెర మీద చూసి, అక్కడ పెన్నుతో గీత పెట్టేది. రొమ్ము ఎముక మీద చెక్క స్కేలు నిలబెట్టి గీత ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గుండె ఇంకా కింద ఉంటుంది కాబట్టి ఐదు సెంటీమీటర్లు కలిపేది. బక్కవాడికీ లావువాడికీ అదే ఐదా అని నేను తప్పుపట్టాను. "అంచనానే వదినె. అంచనా అని నాకు తెల్సు, గందుకే మల్ల మల్ల సూస్తున్న" అంది.

మా జనానికి సెలైన్ సీసా వేలాడితేనే వైద్యం. నీరసమా, సీసా. జ్వరమా, సీసా. నరం నిండి ఉంది, ఒంట్లో నీరు ఎక్కువైంది, సీసా వద్దని ఈమె పంపిస్తే, సందు చివర ఆర్‌ఎంపీ దగ్గర ఎక్కించుకుని, చేతికి దూదితో ఈమె ముందు నుంచే నడిచిపోయేవాళ్లు. చదువులేని జనమని నేను నవ్వేదాన్ని.

నాలుగేళ్ల కిందటి ఎండాకాలం మా సారుకు, అంటే మా ఆయనకు, నీరసం పట్టుకుంది. కాళ్లు వాచాయి, అన్నం సహించలేదు. ఫోన్ చేస్తే ఆడబిడ్డ వద్దంటుందని తెలుసు కనుక ఫోన్ చేయలేదు. మా వీధి ఆర్‌ఎంపీని పిలిపించి రెండు సీసాలు ఎక్కించాను. తెల్లారేసరికి మనిషి పడుకోలేకపోతున్నాడు. గోడకు ఆనుకుని కూర్చుని గాలి కోసం వెతుక్కుంటున్నాడు. కారులో వేసుకుని మిర్యాలగూడ పరుగెత్తాం.

కూర్చోబెట్టే మెడ చూసింది. నరం దవడ కింది దాకా నిండిపోయి ఉంది. గీత పెట్టే చోటే లేదు. స్కేలు పక్కన పెట్టేసింది. వెంట వచ్చిన మా తమ్ముడు, ఇంకో సీసా ఎక్కిస్తే తేరుకుంటాడేమో అన్నాడు.

"నిండిన బిందెల నీళ్లు పోస్తవా బావా? జర బయట కూసో" అని పంపించి, "సెలైన్ ఎవరు పెట్టిచ్చిన్రు?" అని అడిగింది.

"నేనే" అన్నాను.

"ఎన్ని?"

"రెండు."

ఆమె చీటీ మీద రెండు అని రాసుకుంది. "మంచిది, నిజం చెప్పినవ్. ఇగ మందు ఎంతియ్యాల్నో తెలుస్తది" అంది. అంతే.

ఆక్సిజన్ పెట్టి, నీరు తీసే ఇంజక్షన్ ఇచ్చింది. నరం మధ్యాహ్నానికి దిగకపోతే హైదరాబాదేనని కారును గుమ్మం ముందే ఆపించింది. గంటగంటకూ చూసింది. సీసాలు ఎక్కించుకున్నాయన సీసాలు నింపడం మొదలుపెట్టాడు. పదకొండింటికి నన్ను పిలిచి తెర చూపించి, పెన్ను చేతిలో పెట్టింది.

"గీత యాడ పెట్టాల్నో నువ్వే చెప్పు వదినె."

బోర్డు మీద వృత్తలేఖిని లేకుండా గుండ్రంగా సున్నా చుట్టిన దాన్ని, తెరనూ మెడనూ రెండుసార్లు సరిచూసుకున్నాను. దవడకు రెండు వేళ్ల కింద గీత పెట్టాను. స్కేలు నిలబెట్టి కొలిచింది. "ఐదు కలుపు" అంది. కలిపి చెప్పాను. ఇంకా ఎక్కువే కానీ దిగుతోంది అని, కారును పంపించేసింది.

ఆ రెండు సీసాల సంగతి ఆమె చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగినా అన్నకు గుండె కొంచెం బలహీనమని ఊరుకునేది. నా నోటికి జడిసే మా బంధువులందరికీ అది చేతికి దొరికిన ఆయుధం అయి ఉండేది. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

పదో రోజు భోజనాలకు వాడపల్లి నుంచి, మేళ్లచెరువు నుంచి ఆమె పేషెంట్లు లారీలెక్కి వచ్చారు. వాళ్లందరికీ వడ్డించి, మధ్యాహ్నం లోపలి గదిలోకి వెళ్లాను. ఆనాడు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్న మా సారు, చెల్లెలి మంచం మీద, తలగడ కూడా లేకుండా, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఊపిరి నిదానంగా ఆడుతోంది. కన్నీళ్లు రెండు వైపులా చెవుల్లోకి కారుతున్నాయి. లేచి కూర్చోమని నేను అనలేదు.